వైజాగ్‌లో నాన్నగారి ఫ్లాట్‌ని రోజువారీ అద్దెకి పెట్టాం: జూలై నుంచి జనవరి దాకా జరిగింది

మా నాన్నగారి ఫ్లాట్ లాసన్స్ బే కాలనీలో ఉంది, డబుల్ బెడ్రూమ్, మూడో అంతస్తు, బాల్కనీ చివర నిలబడి మెడ కాస్త బయటికి పెడితే సముద్రం కనిపిస్తుంది. 2025 మే నెలాఖరుకి అద్దెకున్న వాళ్ళు ఖాళీ చేశారు. నెలకి 20 వేలిచ్చేవాళ్ళు, మెయింటెనెన్స్ కూడా వాళ్ళే కట్టుకునేవాళ్ళు. మళ్ళీ టులెట్ బోర్డు పెడదాం అనుకుంటుంటే న్యూజెర్సీ నుంచి అన్నయ్య ఫోను, ఇంకా నెల అద్దె ఏంటే, ఇప్పుడు అందరూ యాప్‌లో పెట్టి రోజుల లెక్కన ఇస్తున్నారు, మేం వస్తే దిగడానికి కూడా ఒక ఇల్లుంటుంది అని. సరిగ్గా అప్పుడే యోగా డే హడావిడి, జూన్ 21న ప్రధాని వస్తున్నారని ఊరంతా జనం, హోటల్ గదులు దొరకట్లేదని ఎవరి నోట విన్నా అదే మాట. మావారి ఫ్రెండ్ రుషికొండ దగ్గర ఫ్లాట్ ఆ రెండు రోజులకి రాత్రికి 8 వేల చొప్పున పోయిందన్నాడు. ఇంక ఇంట్లో అందరికీ లెక్కలు మొదలు, 8 వేలు ఇంటూ ముప్పై అని కాదులే గానీ, సగం రోజులు సగం రేటు వచ్చినా 60 వేలు కదా అని.

యాప్ పేరు రాయను, అందరికీ తెలిసిందే. దీన్ని మొదలుపెడదామనుకునే వాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఏ నెల ఏం జరిగిందో, ఎంత పెట్టామో ఎంత వచ్చిందో దాచకుండా రాస్తున్నా.

జూన్ మొత్తం ఖర్చుల నెల. పెయింటింగ్ 46 వేలు, రెండు పరుపులు 42, ఉన్న ఏసీకి తోడు ఇంకో ఏసీ 38, సోఫా 35, ఇన్వర్టర్ 26, ఫ్రిజ్ 24, దుప్పట్లు టవళ్ళు 18, కర్టెన్లు 14, వంట సామాను ఇండక్షన్ స్టవ్ కలిపి 11, తలుపుకి నంబర్ నొక్కే లాక్ 9, ఫొటోలు తీసినాయనకి నాలుగున్నర. మొత్తం 2 లక్షల 70 వేల దాకా అయ్యింది. మంచాలు నాన్నగారివే టేకువి, అవి ఉండబట్టి సరిపోయింది. ఏసీ పెట్టడానికి వచ్చిన మెకానిక్ ఒక మంచి మాట చెప్పాడు, అమ్మా బయటి యూనిట్ సముద్రం వైపు బాల్కనీలో పెట్టకండి, ఉప్పుగాలికి రెండేళ్ళలో తినేస్తాది, వెనకాల డక్ట్ వైపు పెట్టించుకోండి, పైపు ఖర్చు ఇంకో రెండు వేలవుద్ది అంతే అని. విన్నాం. కానీ తలుపు లాక్ సంగతి ఎవరూ చెప్పలేదు, అది మూడు నెలలు తిరిగేసరికి బటన్లు నొక్కితే సగం పడేవి కావు. చివరికి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టడమే మిగిలింది. బీచ్ దగ్గర ఇల్లయితే ఎలక్ట్రానిక్ వస్తువేదైనా ఆలోచించి కొనండి.

దుప్పట్లు తెల్లవే కొనమని అన్నయ్య, అవి ఎవరు ఉతుకుతారని వదిన, పెద్ద గొడవ. ఒక్కో మంచానికి మూడు సెట్లు ఉండాలి, ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో, అంతకు తక్కువైతే వరసగా రెండు బుకింగులు వచ్చినప్పుడు చచ్చామే.

అసలు పరీక్ష మాత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్. జూన్‌లో ఒక ఆదివారం మీటింగ్ పెట్టించుకున్నాం. సెక్రటరీ గారు రిటైరయిన పెద్దమనిషి, నాన్నగారితో రోజూ వాకింగ్ చేసినాయన, అయినా మొహం మీదే చెప్పేశారు, ఇది ఫ్యామిలీస్ ఉండే చోటమ్మా, మీ నాన్నగారుంటే ఒప్పుకునేవారా అని. నాకు ఏడుపొక్కటే తక్కువ. కింది ఫ్లాట్ పిన్నిగారు లిఫ్ట్ గురించి, ఇంకొకాయన పార్కింగ్ గురించి, ఇంకొకాయన పెళ్ళికాని జంటలొస్తారు అని. ఆ చివరిదాని మీద చాలాసేపు నడిచింది. నా వరకు నేను తేల్చి చెప్పా, ఇద్దరికీ పద్దెనిమిది దాటి, ఐడీ ప్రూఫ్ ఇస్తే పెళ్ళి ఫొటో అడగడం నా పని కాదండీ అని. అలా ఉండకూడదని చట్టం ఏదీ లేదు కూడా. దాని మీద ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. చివరికి మూడు వారాలు తిరిగి తిరిగి ఒక కాగితం ఇచ్చారు, 25 వేలు డిపాజిట్, ఒక్క కారుకే పార్కింగ్, రాత్రి పదకొండు తర్వాత గోల ఉండకూడదు, వచ్చిన ప్రతివాళ్ళ ఆధార్ వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాయాలి.

ఆ కాగితం కోసం నేను అంత తిరిగానా, యాప్ వాళ్ళు దాన్ని అడగనే లేదు! ఆధార్, పాన్, బ్యాంక్ అకౌంట్, ఫొటోలు, ఫోన్‌కి ఓటీపీ, అయిపోయింది. ఇల్లు నాదో కాదో కూడా ఎవరూ అడగలేదు. కానీ ఆ కాగితమే లేకపోతే తర్వాత నా గతి ఏమయ్యేదో కింద చెప్తా.

ఇంకోటి, సెంట్రల్ గవర్నమెంట్ టూరిజం వాళ్ళ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ స్కీమ్ ఉంది, సిల్వర్ గోల్డ్ అని ఇస్తారు, అందులో రిజిస్టర్ చేయించేయ్ అని అన్నయ్య అన్నాడు. ఆ రూల్స్ చదివితే, ఓనరు కుటుంబంతో అదే ఇంట్లో ఉండాలి, ఉండి మిగతా గదులు ఇవ్వాలి. మేం ఉండేది సీతమ్మధారలో. కాబట్టి మాది హోమ్‌స్టే లెక్కలోకే రాదు. చాలామంది మా హోమ్‌స్టే మా హోమ్‌స్టే అంటారు గానీ ఖాళీ ఫ్లాట్ ఇచ్చేవాళ్ళెవరికీ ఆ స్కీమ్ వర్తించదు. మేం మాత్రం దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. అడిగినవాళ్ళు లేరు, అయినా ధైర్యం.

జూలై రెండో వారంలో లిస్టింగ్, అంటే యాప్‌లో మా ఇంటి ప్రకటన, లైవ్ అయ్యింది. నేను 3,200 పెట్టా, యాప్ 2,100 పెట్టమని సలహా. వారం దాటినా ఒక్క బుకింగ్ లేదు, రోజుకి పదిసార్లు ఫోను తీసి చూడ్డం, మెసేజ్ శబ్దం వస్తే గుండె దడ, తీరా చూస్తే కరెంటు బిల్లు రిమైండర్. చివరికి రేటు 2,400 చేసి, మొదటి మూడు బుకింగులకి 20 శాతం తగ్గింపు అని యాప్ ఇచ్చే ఆప్షన్ నొక్కితే ఆ రాత్రే వచ్చింది. విజయనగరం నుంచి ఒక జంట, ఒక్క రాత్రి. డబ్బులు వాళ్ళు దిగిన మర్నాడు వదిలారు, బ్యాంకులో పడేసరికి ఇంకో రెండు రోజులు.

వాళ్ళు రాసిన రివ్యూ "చాలా బాగుంది, సొంతింట్లో ఉన్నట్టుంది, మళ్ళీ వస్తాం". ఇచ్చింది నాలుగు స్టార్లు! నాకు అర్థం కాలా. ఫోన్ చేసి అడగలేను కదా. తర్వాత తెలిసింది, మనవాళ్ళకి నాలుగంటే ఫస్ట్ క్లాస్, ఐదు అంటే తాజ్ హోటల్‌కి ఇచ్చేది. యాప్‌కి మాత్రం 4.8 కంటే కిందికి వస్తే మంచి హోస్ట్ బ్యాడ్జి రాదు. ఒక్క నాలుగు పడితే దాన్ని పైకి లాగడానికి నాలుగైదు ఐదులు కావాలి. ఇప్పుడు చెకౌట్ మెసేజ్‌లోనే నచ్చితే ఐదు ఇవ్వండి అని తెలుగులో రాసి పెడుతున్నా, సిగ్గనిపిస్తుంది గానీ తప్పదు.

ఆగస్టులో అమెరికా నుంచి వచ్చినవాళ్ళు దిగారు, ఆవిడది మన పాస్‌పోర్టే, ఆయనది అమెరికా పాస్‌పోర్టు, ఇ-వీసా మీద వచ్చాడు, పేరు చూస్తే అచ్చ తెలుగు. పేరు తెలుగైతే ఏంటి, లెక్క ప్రకారం ఆయన విదేశీయుడు, దిగిన 24 గంటల్లో, విదేశీయుడు మన ఇంట్లో దిగాడని ప్రభుత్వానికి తెలిపే ఫారం (అప్పుడు ఫారం-సి అనేవాళ్ళు) ఆన్‌లైన్‌లో పెట్టాలి. అది హోటళ్ళకే కాదు, ఇల్లు ఇచ్చిన మనకి కూడా. దానికి ముందు మన ఇంటిని ఆ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, అది ఓకే అవ్వాలి. ఆ రాత్రి నేను, మావారు పదకొండున్నర దాకా కూర్చున్నాం. బుకింగ్ వచ్చాక చూసుకుందాంలే అని ఊరుకోకండి, లిస్టింగ్ పెట్టిన రోజే ఆ రిజిస్ట్రేషన్ కూడా పెట్టేసుకోండి.

సెప్టెంబరు నిద్ర నెల. వానలు, స్కూళ్ళు, ఎవరూ రాలేదు, వారాంతాల్లో ఒకటీ అరా. ఆ నెలలో జరిగిన మంచి ఏంటంటే 22 నుంచి జీఎస్టీ మారింది, రాత్రికి 7,500 లోపు గదులకి 12 శాతం ఉన్నది 5కి దిగింది. మనకి టర్నోవర్ 20 లక్షలు దాటదు కాబట్టి మనకి జీఎస్టీ నంబర్ అక్కర్లేదు, గెస్ట్ దగ్గర యాప్ వాళ్ళే వసూలు చేసి కట్టేస్తారు. టీడీఎస్, అంటే మన డబ్బులోంచి ముందే కోసే ఆదాయపన్ను, కూడా యాప్ వాళ్ళే చూస్తారు, మనది పాన్ ఇచ్చి ఏడాదికి 5 లక్షల లోపే ఉంటే కోత లేదు, పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పట్టేస్తారు. ఇదంతా మా సీఏ గారు పావుగంటలో చెప్పి వెయ్యి తీసుకున్నారు.

అక్టోబరు వచ్చేసరికి అసలు వైజాగ్ టూరిజం అంటే ఏంటో తెలిసింది. బెంగాలీలు! పూజా సెలవులకి హౌరా నుంచి రైళ్ళు దిగుతూనే ఉంటారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న వైఫై కాదు, సముద్రం ఎంత దూరం కాదు, ఫిషింగ్ హార్బర్ ఎంత దూరం అని. పొద్దున్నే వెళ్ళి చేపలు తెచ్చుకుని వండుకున్నారు, ఆవనూనె సీసా కూడా వాళ్ళే తెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు తలుపులు కిటికీలు తెరిచి పెట్టినా వాసన పోలేదు. అయినా చెప్తున్నా, ఇప్పటిదాకా వచ్చినవాళ్ళలో ఇల్లు ఎక్కువ శుభ్రంగా వదిలింది వాళ్ళే, గిన్నెలు తోమి బోర్లించి మరీ వెళ్ళారు. ఇంట్లో కిచెన్ ఉంది కాబట్టే హోటల్ మానేసి మా దగ్గరికి వచ్చామన్నారు, పిల్లలు, ముసలమ్మ, ఆరుగురు. మన దగ్గర షార్ట్ స్టేలు నిలబడింది ఇలాంటి కుటుంబాల వల్లే అని నా నమ్మకం, బాల్కనీలో వేలాడే బుట్ట కుర్చీ ఫొటోల వల్ల కాదు.

ఆ వెంటనే 9న, 12న ఇక్కడే మహిళల వరల్డ్ కప్‌లో ఇండియా మ్యాచ్‌లు, సౌతాఫ్రికాతో ఒకటి, ఆస్ట్రేలియాతో ఒకటి. స్టేడియం మధురవాడ వైపు కాబట్టి అటు ఫ్లాట్లు ముందు నిండాయి, మాకు మిగిలినవాళ్ళొచ్చారు, రాత్రికి 3,800 వచ్చింది. నెలాఖరుకి ఇంకా నాలుగు రాత్రులు బుక్ అయి ఉన్నాయి, ఈలోగా మొంథా తుఫాను. 27, 28 తేదీల్లో రైళ్ళు చాలా రద్దు చేశారు, అరకు రూట్ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళు కాన్సిల్ చేశారు, రూల్ ప్రకారం సగం మనకి రావాలి, కానీ తుఫానులో వచ్చి చావమనలేం కదా, మొత్తం వెనక్కి ఇచ్చేశా. మావారికి నచ్చలేదు. పది రోజుల తర్వాత అందులో ఒకాయన మళ్ళీ డిసెంబరుకి బుక్ చేసుకున్నాడు, అప్పుడు మావారు ఏం మాట్లాడలేదు.

నవంబరు 14, 15న ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్స్‌లో పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ళ పార్టనర్‌షిప్ సమ్మిట్. మాకు కూతవేటు దూరం. ఆ నాలుగు రాత్రులు 6,500 చొప్పున ఒక ఈవెంట్ కంపెనీ కుర్రాళ్ళు తీసుకున్నారు, పొద్దున ఆరుకి వెళ్ళి రాత్రి ఒంటిగంటకి వచ్చి పడుకునేవాళ్ళు, ఇల్లు వాడిందే లేదు. ఇలాంటి రోజులు ఏడాదికి పదో పదిహేనో ఉంటాయి, బయటివాళ్ళు చెప్పే కథలన్నీ ఆ రోజులవే.

మిగతా రోజుల సంగతి వేరు. జూలైలో మ్యాప్ తీస్తే మా కాలనీలో ఇలాంటి ఫ్లాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, డిసెంబరుకి మ్యాప్ నిండా రేట్లే. ఎంవీపీలో, ఎండాడలో అమ్ముడుపోని కొత్త ఫ్లాట్లు కూడా బిల్డర్లు ఇందులో పెట్టేశారు. వీక్‌డే రేటు 1,700 దాకా దిగింది. బుకింగ్ అలవాట్లు కూడా మారాయి, జూలై ఆగస్టుల్లో రెండు వారాల ముందే చేసేవాళ్ళు, ఇప్పుడు పొద్దున టిఫిన్ తిని రాత్రికి ఇల్లు వెతుకుతున్నారు, ఒక్క రాత్రే. ఒక్క రాత్రికి 1,700 వస్తే అందులో యాప్ కోత, శుభ్రం చేసే అమ్మాయికి 500, లాండ్రీ 250, ఏసీ కరెంటు, ఏం మిగులుతుంది? పైగా యాప్‌లో కాకుండా డైరెక్ట్‌గా ఇవ్వండి మేడం అని బేరాలు. బుక్ చేసేదాకా ఫోన్ నంబర్ రాస్తే యాప్ చుక్కలు పెట్టేస్తుంది, అందుకని నంబర్‌ని అక్షరాల్లో, "నైన్ డబుల్ ఎయిట్" అని రాసి పంపేవాళ్ళు. నేను ఒప్పుకోలేదు, ఏదైనా పగలగొడితే అడగడానికి దిక్కుండదు.

పెళ్ళివాళ్ళకి ఇచ్చినప్పుడు తెల్ల దుప్పట్ల నిండా పసుపు, నలుగు పెట్టుకుని అలాగే పడుకున్నట్టున్నారు. లాండ్రీవాడు పోదమ్మా అన్నాడు. మా పనమ్మాయి తీసుకెళ్ళి తడిపి మూడు రోజులు డాబా మీద ఎండలో ఆరేసింది, మొత్తం పోయింది! పసుపు ఎండకి పోతుంది, కొబ్బరినూనె మరక మాత్రం మాకు దేనికీ పోలేదు, దిండు గలీబులు నెలకి రెండు పారేస్తున్నా.

డిసెంబరు మంచి నెల, 6న ఇండియా సౌతాఫ్రికా వన్డే, ఆ తర్వాత అరకు సీజన్, క్రిస్మస్, న్యూ ఇయర్. 78 వేలు వచ్చాయి. గొడవ కూడా ఆ నెలలోనే. అరకు వెళ్ళేవాళ్ళందరికీ పొద్దున ఏడు లోపల బయల్దేరే రైలు, అంటే ఐదున్నరకి ట్రాలీ సూట్‌కేసులు కారిడార్‌లో దడదడమని. వారంలో నాలుగు రోజులు అదే. ఎదురింటి వాళ్ళబ్బాయి ఇంటర్ సెకండియర్. ఆవిడ ముందు మంచిగా చెప్పింది, తర్వాత మాట్లాడ్డం మానేసింది.

దానికంటే పెద్దది ఇసుక. బీచ్ నుంచి వచ్చినవాళ్ళు నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళి కాళ్ళు కడుగుతారు, ఒక్కొక్కరూ గుప్పెడు గుప్పెడు ఇసుక తెస్తారు. ఆరు నెలల ఇసుక బాత్రూమ్ ట్రాప్‌లో, అంటే నీళ్ళు పోయే జాలీ కింది గుంటలో, గట్టిపడిపోయి నీళ్ళు పోక, నిలిచిన నీళ్ళు దిగి దిగి కింది పిన్నిగారి బాత్రూమ్ సీలింగ్ ఉబ్బిపోయింది. క్రిస్మస్ తర్వాత రోజు ఫోన్ చేసి రామ్మా ఒకసారి అన్నారు, వెళ్ళి చూస్తే పెచ్చులు ఊడి బకెట్లో పడుతున్నాయి. ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచి నేను సంక్రాంతి అరిసెలు తిన్నా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్లంబర్ ట్రాప్ తవ్వి తీస్తే అర బకెట్ ఇసుక. వాటర్‌ప్రూఫింగు, కింద సీలింగు, పెయింటు కలిపి 14 వేలు, డిపాజిట్ జోలికి పోకుండా మేమే కట్టాం. కింద గేటు పక్కన కాళ్ళు కడుక్కోవడానికి ఒక కుళాయి పెట్టిస్తానని జూలైలోనే అడిగా, నీళ్ళు వేస్టవుతాయని అసోసియేషన్ వద్దంది. ఇప్పుడు పెట్టించారు, 1,800 అయ్యింది, అది కూడా మాదే.

జనవరి, పండగ అయ్యాక మళ్ళీ మీటింగ్. మొత్తానికి ఆపేయమని సగం మంది. అప్పుడు జూన్‌లో ఇచ్చిన ఆ కాగితమే నన్ను కాపాడింది, అందులో రాసిన నాలుగు షరతుల్లో మేం ఒక్కటీ తప్పలేదు, రిజిస్టర్ తెచ్చి చూపించా, ప్రతి పేరూ ఉంది. సెక్రటరీ గారే మధ్యేమార్గం చెప్పారు: వారం కంటే తక్కువకి ఇవ్వకూడదు, మెయింటెనెన్స్ 2,500 బదులు 4,000. నేను సరేనన్నా. నిజం చెప్పాలంటే లోపల హాయిగా అనిపించింది, ఐదున్నరకి వాచ్‌మన్ ఫోన్లు, తాళంచెవి కనపడట్లేదని ఫోన్లు, గీజర్ స్విచ్ ఎక్కడని ఫోన్లు, ఆర్నెల్లుగా ఒక్క రాత్రి కూడా ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోలేదు.

లెక్క చూసుకుంటే, జూలై నుంచి జనవరి దాకా ఏడు నెలల్లో చేతికొచ్చింది 2 లక్షల 89 వేలు. శుభ్రం, లాండ్రీ 52 వేలు, కరెంటు 27, మెయింటెనెన్స్ పదిహేడున్నర, రిపేర్లు 16, సబ్బులు టీపొడి గ్యాస్ 9, నెట్ 6. పోను నెలకి 23 వేల చిల్లర. నెల అద్దెకిచ్చి ఊరుకుంటే 20 వేలు. అంటే ఇంత చాకిరీకి నెలకి 3 వేల పైన ఎక్కువ, ముందు పెట్టిన 2 లక్షల 70 వేలు అలాగే ఉన్నాయి. అన్నయ్యకి ఈ లెక్క పంపిస్తే థంబ్స్ అప్ పెట్టాడు.

ఇప్పుడు ఫర్నిచర్‌తో సహా నెలల లెక్కన ఇస్తున్నాం. దీనికి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక కంపెనీల పని మీద రెండు మూడు నెలలకి వచ్చేవాళ్ళు, కేజీహెచ్ పెద్దాసుపత్రి వైపు ట్రీట్‌మెంట్‌కి వచ్చే కుటుంబాలు, ఇల్లు కట్టుకుంటూ మధ్యలో ఉండడానికి చూసేవాళ్ళు. జనవరి నెలాఖరున ఒక ఇంజనీరు, ఆయన భార్య దిగారు, నెలకి 36 వేలు, కరెంటు వాళ్ళదే, ఒక నెల అడ్వాన్సు, స్టాంపు పేపర్ మీద అగ్రిమెంటు. ఫిబ్రవరిలో నేవీ ఫ్లీట్ రివ్యూకి ఇల్లు కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు, రాత్రికి 7 వేలిస్తామన్నారు కూడా. ఏప్రిల్ దాకా ఖాళీ లేదని రాసేశా.